స్టార్ వార్స్ నవలల్లో మొదట ఏది చదవాలి? ఆరు పుస్తకాల పోలిక

స్టార్ వార్స్ సినిమాలు నచ్చి నవలల వైపు వచ్చినవాళ్లలో చాలామంది మొదటి పుస్తకం దగ్గరే ఆగిపోతారు. మొదటి సినిమా 1977 మే 25న విడుదలైతే, దాని నవల 1976 చివర్లోనే అచ్చయింది. కవర్ మీద జార్జ్ లూకాస్ పేరున్నా రాసింది ఆలన్ డీన్ ఫాస్టర్. అప్పటి నుంచి ఇప్పటిదాకా నవలలు వస్తూనే ఉన్నాయి. ఈలోగా రచయితలు, ప్రచురణకర్తలు మారారు. 2014లో పాత కథలన్నిటినీ తీసి పక్కన పెట్టారు. ఇవాళ కొత్తగా వచ్చినవారికి ఏ చివర పట్టుకోవాలో తెలియదు.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఈ నవలల ముందు పేజీల్లో పుస్తకాలన్నిటినీ కథాకాలం ప్రకారం పేర్చిన జాబితా ఉంటుంది. దాన్ని పైనుంచి మొదలుపెట్టి వరుసగా చదువుదామనుకుంటారు. ఆ పై వరుసల్లో ఉన్నవి మొదటి సినిమా కథానాయకుడు ల్యూక్ పుట్టడానికి వందల, వేల ఏళ్ల ముందటి కథలు. వాటిలో మనకు తెలిసిన మొహాలు దాదాపు ఉండవు. రెండో పుస్తకం సగంలోనే విసుగొస్తుంది. ఏ సంఘటన ఎప్పుడు జరిగిందో చూసుకోవడానికే ఆ జాబితా పనికొస్తుంది. మొదట ఏది చదవాలో మాత్రం మీరు ఇప్పటిదాకా చూసిన సినిమాలే చెబుతాయి. ఈ పోలిక అంతా దాని మీదే నిలబడుతుంది.

ముందుగా చూసుకోవలసినవి

మొదటిది, ఏం చూసి ఉండాలి. ప్రతి నవలా పాఠకుడికి కొంత కథ ముందే తెలుసనుకుని రాసిందే. ఆ కొంత మీకు తెలియకపోతే అందులోని ఉద్వేగం సగం ఆవిరైపోతుంది. పైగా ఇంకా చూడని సినిమా ముగింపు ముందే తెలిసిపోతుంది.

రెండోది, ఒక్క పుస్తకంతో కథ తీరుతుందా, లేక మూడు కొనాలా. డబ్బు సంగతి ఎలా ఉన్నా సమయం లెక్క వేసుకోండి. గంటకు 30 పేజీలు చదివేవారికి 400 పేజీల నవల పదమూడు, పద్నాలుగు గంటల పని. త్రయం అంటే నలభై గంటలు.

మూడోది ఇంగ్లిషు. ఈ నవలలు ఇంగ్లిషులోనే చదవాలి కాబట్టి మనకు ఇది చిన్న విషయం కాదు. ఈ అయిదుగురు రచయితలదీ ఒక తీరు వాక్యం కాదు. ఒకరి పుస్తకం బస్సులో నిలబడి కూడా చదివేయవచ్చు, మరొకరిది రాత్రి అందరూ పడుకున్నాక నిశ్శబ్దంగా చదవాలి.

నాలుగోది, కొత్త పేర్లు ఎన్ని వస్తాయన్నది. అంతరిక్ష నవలల్లో పాత్ర పేరు, గ్రహం పేరు, ఓడ పేరు, జాతి పేరు అన్నీ కొత్తవే. మొదటి యాభై పేజీల్లో అలాంటివి నలభై వచ్చాయంటే ఓపికున్నవారికి కూడా తల తిరుగుతుంది.

అయిదోది, అందరూ ముందుగా అడిగేది: ఇది కాననా, లెజెండ్సా? 2014 ఏప్రిల్ 25న లూకాస్‌ఫిల్మ్ ఒక ప్రకటన చేసింది. అప్పటికి వచ్చిన ఆరు సినిమాలు, క్లోన్ వార్స్ సినిమా, ధారావాహిక మాత్రమే అసలు కథగా, అంటే కానన్‌గా నిలుస్తాయి. అంతకుముందు వచ్చిన నవలలన్నీ లెజెండ్స్ అనే పేరు కిందికి వెళ్తాయి. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి వచ్చిన కొత్త నవలలు సినిమాలతో కలిసి ఒకే కథగా నడుస్తాయి. లెజెండ్స్‌లో జరిగింది కొత్త సినిమాల్లో జరగలేదన్నమాట. అంతకు మించి ఏమీ లేదు. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు. లేదని తెలిసీ మనం దాన్ని తరతరాలుగా మన కథగానే చెప్పుకుంటున్నాం. ఒక పుస్తకం లెజెండ్స్ అయినంత మాత్రాన పక్కన పెట్టకండి. మొదటి పుస్తకం ఎంచుకునేటప్పుడు ఈ ప్రశ్నను అన్నిటికన్నా చివర వేసుకోండి.

ఒక్క చూపులో

| నవల | రచయిత, సంవత్సరం | ముందు చూడాల్సినవి | ఒక్కదానితో తీరుతుందా | ఇంగ్లిషు | వర్గం |
|---|---|---|---|---|---|
| హెయిర్ టు ది ఎంపైర్ | తిమోతీ జాన్, 1991 | 1977–83 సినిమాలు మూడు | లేదు, మూడు భాగాలు | మధ్యస్థం | లెజెండ్స్ |
| థ్రాన్ | తిమోతీ జాన్, 2017 | తప్పనిసరి ఏదీ లేదు. రెబెల్స్ ధారావాహిక చూస్తే మేలు | దాదాపు తీరుతుంది | మధ్యస్థం | కానన్ |
| లాస్ట్ స్టార్స్ | క్లాడియా గ్రే, 2015 | 1977–83 సినిమాలు మూడు | తీరుతుంది | తేలిక | కానన్ |
| రివెంజ్ ఆఫ్ ది సిత్ | మాథ్యూ స్టోవర్, 2005 | అదే పేరు సినిమా, దాని ముందరి రెండు | తీరుతుంది | కష్టం | సినిమా నవల |
| లైట్ ఆఫ్ ది జెడై | చార్ల్స్ సూల్, 2021 | ఏదీ అక్కర్లేదు | లేదు | తేలిక, కానీ పేర్లు ఎక్కువ | కానన్ |
| ఎక్స్-వింగ్: రోగ్ స్క్వాడ్రన్ | మైకేల్ స్టాక్‌పోల్, 1996 | 1977–83 సినిమాలు మూడు | లేదు, నాలుగు భాగాలు | మధ్యస్థం, సైనిక పదాలు | లెజెండ్స్ |

హెయిర్ టు ది ఎంపైర్: పాత మూడు సినిమాలు గుండెలో ఉన్నవారికి

రిటర్న్ ఆఫ్ ది జెడై ముగిసిన అయిదేళ్ల తర్వాత కథ మొదలవుతుంది. చక్రవర్తి లేడు, అతని కుడిభుజం వేడర్ లేడు. గెలిచిన తిరుగుబాటుదారులు ఇప్పుడు ప్రభుత్వం నడపాలి, అది యుద్ధం కన్నా కష్టంగా ఉంది. లేయా కవలలతో గర్భవతి. ల్యూక్‌కు నేర్పేవారు ఎవరూ మిగల్లేదు. అప్పుడు సామ్రాజ్యంలో మిగిలిన చివరి గ్రాండ్ అడ్మిరల్ థ్రాన్ బయటికొస్తాడు. నీలి చర్మం, ఎర్రటి కళ్లు, ఎప్పుడూ పెరగని స్వరం. శత్రుజాతి చిత్రాలు, శిల్పాలు ముందేసుకుని చూసి, వాళ్లు యుద్ధంలో ఎక్కడ తడబడతారో చెప్పగలడు.

ఈ పుస్తకం ముప్పై ఏళ్లు దాటినా నిలబడడానికి కారణం ఆ ప్రతినాయకుడే. వేడర్ దగ్గర భయం ఉంటే థ్రాన్ దగ్గర తెలివి ఉంది. వేడర్ తప్పు చేసినవాణ్ని చంపేస్తాడు. థ్రాన్ ఆ తప్పు ఎందుకు జరిగిందో అడుగుతాడు, మనిషి ప్రయత్నం సరైనదైతే మెచ్చుకుంటాడు. పక్కనే ఉండే కెప్టెన్ పెలియన్ కళ్లతో మనం అతన్ని చూస్తాం. అతని బుర్రలోకి మనల్ని రానివ్వకుండా బయటే నిలబెట్టడం రచయిత చేసిన మంచి పని.

మారా జేడ్ అనే పాత్ర పుట్టింది కూడా ఈ పుస్తకంలోనే. మిర్కర్ అనే గ్రహం అడవిలో యసలమిరి అనే జంతువులుంటాయి. వాటి చుట్టూ జెడై యోధుల అతీత శక్తి అయిన ఫోర్స్ పనిచేయదు. అక్కడ కూలిన ల్యూక్, అతన్ని చంపాలని కోరుకునే మారాతో కలిసి నడిచి బయటపడాలి. శక్తి లేని ల్యూక్ ఏమిటో చూపించే ఆ భాగం పుస్తకానికి ప్రాణం. రాజధాని గ్రహానికి కోరసాంట్ అనే పేరు పెట్టింది కూడా ఈ నవలే. సినిమాలు ఆ పేరును తర్వాత తీసుకున్నాయి.

ఇబ్బందులు రెండు. మొదటి భాగం చివర ఒక యుద్ధం ముగుస్తుంది కానీ కథ ముగియదు. డార్క్ ఫోర్స్ రైజింగ్ (1992), ది లాస్ట్ కమాండ్ (1993) చేతిలో లేకపోతే నిరాశే. రెండోది, ఇది 1999 నాటి సినిమా కన్నా ఎనిమిదేళ్లు ముందు రాసింది. క్లోన్ యుద్ధాల గురించి ఇందులో వచ్చే ముచ్చట్లు మీరు సినిమాలో చూసినదానితో అతకవు. అది మీరు ఏదో మర్చిపోయి కాదు. అప్పటికి ఆ సంగతులు ఇంకా ఎవరూ చెప్పలేదు. అలాంటిచోట ఆగకుండా ముందుకెళ్లిపోండి.

థ్రాన్ (2017): అదే మనిషి, అదే రచయిత, వేరే పుస్తకం

అతి ఎక్కువ గందరగోళం ఇక్కడే. థ్రాన్ లెజెండ్స్‌లోకి వెళ్లిపోయాక 2016లో రెబెల్స్ యానిమేషన్ ధారావాహికలో మళ్లీ వచ్చాడు. 2023లో అసోకా ధారావాహికలో లార్స్ మికెల్సెన్ ఆ పాత్ర వేశాడు. ఈ మధ్యలో తిమోతీ జాన్ కొత్త కానన్ కోసం అతని ఎదుగుదలను మొదటినుంచి రాశాడు. నిర్జన గ్రహం మీద దొరికిన పరదేశి, సామ్రాజ్య సైన్యంలో ఒక్కో మెట్టూ ఎక్కి గ్రాండ్ అడ్మిరల్ కావడమే ఈ కథ. అనువాదకుడిగా అతని పక్కన చేరిన ఈలై వాంటో అనే కుర్రాడు పెలియన్ పని చేస్తాడు. మనలాగే చూస్తూ, ఆలస్యంగా అర్థం చేసుకుంటూ ఉంటాడు.

రెండూ పక్కపక్కన పెడితే తేడా ఇది. 1991 పుస్తకంలో థ్రాన్ శత్రువు. ప్రతి ఎత్తూ మనవాళ్ల మీద పడుతుంది కాబట్టి భయం వేస్తుంది. 2017 పుస్తకంలో అతనే కథానాయకుడు. ఒక్కో అధ్యాయం ఒక్కో చిక్కుముడి, దాన్ని అతను విప్పుతాడు. పరిశోధన కథలు ఇష్టపడేవారికి ఇది పండగ. కానీ గెలుపు ప్రతిసారీ అతనిదే అని సగం పుస్తకానికే తెలిసిపోతుంది, ఉత్కంఠ కొంత తగ్గుతుంది. మధ్యలో అరిండా ప్రైస్ అనే రాజకీయ నాయకురాలి కథ సమాంతరంగా నడుస్తుంది. రెబెల్స్ చూసినవారికి ఆమె ఎవరో తెలుసు కాబట్టి ఆసక్తిగా ఉంటుంది, చూడనివారికి ఆ భాగాలు నెమ్మదిగా అనిపిస్తాయి. ముద్రణలో ఒక విశేషం గమనించండి. థ్రాన్ ఎదుటివాడి మొహం, గొంతు, చేతుల కదలిక గమనించే వాక్యాలు వాలు అక్షరాల్లో వస్తాయి. మొదట్లో అడ్డంగా అనిపించినా, అవి చదివితేనే అతను ఎలా కనిపెట్టాడో తెలుస్తుంది. దాటేయకండి.

పాత మూడు సినిమాలు మాత్రమే చూసినవారు 1991 పుస్తకం తీసుకోండి. అసోకాలో అతన్ని చూసి ఎవరీ మనిషి అనుకున్నవారికి 2017 పుస్తకం సరైనది.

లాస్ట్ స్టార్స్: ఎవరికైనా ధైర్యంగా ఇవ్వగలిగింది

యువ పాఠకుల పుస్తకం అన్న ముద్ర చూసి దీన్ని పక్కన పెట్టేవారున్నారు. వాళ్లు చాలా పోగొట్టుకుంటున్నారు. 550 పేజీలున్నా ఈ ఆరింటిలో వేగంగా సాగేది ఇదే.

జెలూకన్ అనే కొండల గ్రహం. సామ్రాజ్యం దాన్ని కలుపుకున్న రోజున ఇద్దరు ఎనిమిదేళ్ల పిల్లలు కలుస్తారు. థేన్ కైరెల్ డబ్బున్న ఇంటివాడు, తండ్రి దెబ్బలు తిని పెరుగుతాడు. సియెనా రీ పేద లోయల పిల్ల, ఇచ్చిన మాటే ప్రాణంగా బతికే జాతి ఆమెది. ఇద్దరికీ ఎగరడం అంటే పిచ్చి. కలిసి సామ్రాజ్య అకాడమీకి వెళ్తారు. అక్కడ నుంచి ఒకరు తిరుగుబాటు వైపు, ఒకరు సామ్రాజ్యం వైపు. పుస్తకం వెనక అట్ట మీదే ఈ సంగతి ఉంటుంది, కాబట్టి ఇది రహస్యం విప్పడం కాదు.

దీని బలం ఎక్కడుందంటే, మూడు సినిమాల్లోని పెద్ద సంఘటనలన్నీ మామూలు సైనికుల వైపు నుంచి కనిపిస్తాయి. అల్డెరాన్ గ్రహం పేలిపోయిన రోజు సామ్రాజ్య ఓడలో ఉన్న ఒక మంచి మనిషి తనకు తాను ఏం చెప్పుకుంటుంది? సామ్రాజ్యపు పెద్ద ఆయుధం డెత్ స్టార్ పేలినప్పుడు మనం సినిమా హాల్లో చప్పట్లు కొట్టాం, అందులో స్నేహితులున్నవారికి అది ఏమిటి? సియెనా చెడ్డది కాదు. ప్రమాణం చేసింది, మాట తప్పడం ఆమెకు చేతకాదు. మాట కోసం అధర్మం పక్షాన నిలబడ్డవారి కథలు మనకు కొత్త కాదు, భీష్ముడి దగ్గర నుంచీ తెలిసినవే. అందుకే సియెనా మీద కోపం రాదు, జాలి వేస్తుంది.

మూడు సినిమాలూ చూడకుండా చదివితే ఆ సంఘటనలు ఊరికే దూరం నుంచి వినిపించే మాటల్లా మిగులుతాయి. చూసి వారం పదిరోజుల్లో మొదలుపెడితే దీని బలం పూర్తిగా తెలుస్తుంది. చివరి యుద్ధం జక్కూ గ్రహం మీద జరుగుతుంది. ది ఫోర్స్ అవేకెన్స్ సినిమాలో ఇసుకలో కూరుకుపోయి కనిపించే భారీ ఓడ అక్కడికెలా వచ్చిందో అక్కడ తెలుస్తుంది. ముగింపు కాస్త తెరిచి వదిలినట్టు ఉంటుంది. అన్నీ ముడివేసి చేతిలో పెట్టాలనుకునేవారికి అది లోటే.

పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు బహుమతిగా ఇవ్వడానికి ఇదే సరి.

రివెంజ్ ఆఫ్ ది సిత్: కథంతా తెలిసినా చదవాల్సింది

మన పత్రికల్లో ఒకప్పుడు వెండితెర నవలలు వచ్చేవి. సినిమా కథను మాటల్లో పెట్టి, హాలుకు వెళ్లలేనివారికి చూపించేవి. ఇది ఆ కోవలోదే కానీ, సినిమా చూపించలేకపోయినదాన్ని ఇది చూపించింది.

తర్వాత వేడర్ అయ్యే జెడై అనకిన్ ఎందుకు అంత త్వరగా చెడువైపు మారిపోయాడని సినిమా చూసిన ప్రతివారూ అడిగే ప్రశ్న. స్టోవర్ దానికి జవాబు ఇస్తాడు. అతనికి నిద్ర లేదు. భార్య చనిపోతుందన్న కల. గురువులు అతన్ని పూర్తిగా నమ్మరు, పాల్పటీన్ మీద నిఘా పెట్టమంటారు. తర్వాత చక్రవర్తి కాబోయే ఆ పాల్పటీన్ ఒక్కడే చేయి భుజం మీద వేసి మాట్లాడతాడు. రచయిత కొన్నిచోట్ల కథ ఆపి, నువ్వే ఆ మనిషివి అన్నట్టు నేరుగా పాఠకుడితో మాట్లాడతాడు. అనకిన్ అయితే లోపల ఎలా ఉంటుంది, అతని గురువు ఓబీ-వాన్ అయితే ఎలా ఉంటుంది, శత్రువు డూకూ అయితే ఎలా ఉంటుంది అని. ఇది నచ్చినవారికి ఇంతకు మించిన స్టార్ వార్స్ నవల లేదు. నేరుగా కథ చెప్పాలనుకునేవారికి ఆ పేజీలు బరువు. వాక్యాలు పొడవు, ఉపమానాలు దట్టం.

సినిమాలో కత్తెరపడిన సంగతులు ఇందులో ఉన్నాయి. అనకిన్ భార్య పాద్మే, సెనేటర్లు బెయిల్ ఆర్గానా, మాన్ మాత్మా కలిసి పాల్పటీన్‌కు ఎదురు నిలబడేందుకు చేసిన ప్రయత్నం వాటిలో ముఖ్యం. తిరుగుబాటు బీజం అక్కడే పడింది. మరో మాట: పుస్తకంలో దాదాపు మూడో వంతు పాల్పటీన్‌ను శత్రు ఓడ నుంచి విడిపించడమే. ఇంత సేపా అనిపిస్తుంది. అనకిన్, ఓబీ-వాన్ అన్నదమ్ముల్లా ఉండడం కళ్లారా చూసిన చివరిసారి అది. ఆ భాగం దాటేస్తే చివరి పోరాటం అంత నొప్పించదు.

సినిమా చూడకుండా దీన్ని మొదలుపెట్టకండి. ముందు పేజీలు చదివి చూడండి, పేజీకి ఎనిమిది, పది మాటలు తెలియకుండా పోతుంటే పక్కన పెట్టి లాస్ట్ స్టార్స్ చదివి మళ్లీ రండి.

మిగిలిన రెండూ

లైట్ ఆఫ్ ది జెడై 1999 నాటి సినిమా కథాకాలానికి 200 ఏళ్ల ముందు జరుగుతుంది. ఒక రవాణా ఓడ హైపర్‌స్పేస్ అనే అతివేగ ప్రయాణ మార్గంలో ముక్కలైపోతుంది, ఆ ముక్కలు హెట్జల్ అనే వ్యవస్థ మీదికి దూసుకొస్తాయి. మొదటి భాగం మొత్తం ప్రమాదానికి ఇంకెన్ని గంటలు, నిమిషాలు అన్న లెక్కతో పరుగెత్తుతుంది. ఇంత పట్టు ఉన్న ఆరంభం మిగతా అయిదింటిలో లేదు. సినిమాలేవీ చూడనివారు కూడా హాయిగా చదవచ్చు, ఏ సినిమా రహస్యమూ బయటపడదు. ఇబ్బంది పేర్లతో. అధ్యాయానికో కొత్త మనిషి వస్తాడు, కొందరు నాలుగు పేజీల్లోనే పోతారు. అవార్ క్రిస్, లోడెన్ గ్రేట్‌స్టార్మ్, బెల్ జెటిఫార్, ఎల్జార్ మాన్, మార్కియన్ రో అనే అయిదుగురిని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇది పెద్ద పథకంలో మొదటి ఇటుక. పెద్దల నవలల్లో దీని తర్వాత ది రైజింగ్ స్టార్మ్, ది ఫాలెన్ స్టార్ చదవాలి. పథకంలో రెండో దశ పుస్తకాలు కాలంలో 150 ఏళ్లు వెనక్కి వెళ్తాయి. వాటిని ముందు చదవకుండా, ప్రచురణ వరుసలోనే వెళ్లండి.

రోగ్ స్క్వాడ్రన్‌లో జెడైలు కనపడరు. యుద్ధవిమానాలు నడిపే మనుషులు, వాళ్ల శిక్షణ, దాడికి ముందు మంతనాలు, తిరిగిరానివారి ఖాళీ కుర్చీలు. వెడ్జ్ ఆంటిలీస్ అనే పేరు మీకు సినిమాల్లో గుర్తుంటే ఇది మీదే. సైన్యం, వాయుసేన కథలు చదివేవారు పేజీ వదలరు, మిగతావారికి ఆకాశయుద్ధాలు ఒకదానిలా ఒకటి అనిపించవచ్చు. మొదటి నాలుగు భాగాలూ ఒకే కథ. అయిదో భాగం నుంచి ఆరన్ ఆల్‌స్టన్ రాసిన రెయిత్ స్క్వాడ్రన్ పుస్తకాలు వస్తాయి. వాటిలో హాస్యం, మనుషుల మధ్య ఆప్యాయత ఎక్కువ. చాలామందికి అవే ఎక్కువ నచ్చుతాయి.

ఏ పాఠకుడికి ఏది

పాత మూడు సినిమాలు చూసి ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలనుకుంటే హెయిర్ టు ది ఎంపైర్, మూడు భాగాలూ కలిపి. కొత్త సినిమాల్లో ల్యూక్, లేయాలకు జరిగింది మీకు నచ్చకపోయి ఉంటే ఇది మరీ మరీ.

1999–2005 సినిమాలతో పెరిగినవారికి రివెంజ్ ఆఫ్ ది సిత్. ఇంగ్లిషు నవలలు అలవాటు లేకపోతే లాస్ట్ స్టార్స్. రెబెల్స్, అసోకా చూసినవారికి థ్రాన్. ఏమీ చూడనివారికి లైట్ ఆఫ్ ది జెడై, పేర్లకు ఓపిక ఉంటేనే. లేదంటే 1977 సినిమా ఒకటి చూసి రావడమే దగ్గరి దారి.

ఒకే ఒక్క పుస్తకం చదివి ఆపేద్దామనుకునేవారికి లాస్ట్ స్టార్స్, రివెంజ్ ఆఫ్ ది సిత్ తప్ప మూడోది చెప్పలేం.

మొదటి పుస్తకంగా వద్దనేవి కూడా చెప్పాలి. 1978 నాటి స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ సినిమా తర్వాత సొంత కథతో వచ్చిన మొదటి నవల. చరిత్ర కోసం చదవాల్సిందే. కానీ ల్యూక్, లేయా అన్నాచెల్లెళ్లని ఇంకా తేలని రోజుల్లో రాసింది, ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. డార్త్ ప్లేగస్ (2012) గొప్ప పుస్తకం, అయితే రాజకీయ వివరాల బరువు ఎక్కువ. నాలుగైదు నవలలు చదివాక తీసుకోండి. న్యూ జెడై ఆర్డర్ 1999 నుంచి 2003 వరకు వచ్చిన 19 పుస్తకాల వరుస. దాని మొదటి భాగంలోనే ప్రేమించిన పాత్ర ఒకటి చనిపోతుంది. ఆ పాత్రతో ముందు కొంతకాలం గడిపి ఉండాలి.

కొనేటప్పుడు, వినేటప్పుడు జరిగే తప్పులు

థ్రాన్ పేరుతో మూడు త్రయాలున్నాయి. 1991–93 నాటిది లెజెండ్స్. 2017–19 నాటిది సామ్రాజ్యంలో అతని ఎదుగుదల. 2020–21 నాటి అసెండెన్సీ త్రయం అంతకుముందు అతని సొంత జాతి మధ్య జీవితం. ఆన్‌లైన్‌లో థ్రాన్ ట్రిలజీ అని వెతికితే మూడూ కలిసి వస్తాయి. ఆర్డర్ పెట్టే ముందు పుస్తకం పేరు చూడండి, త్రయం పేరు కాదు.

రివెంజ్ ఆఫ్ ది సిత్‌కు పిల్లల కోసం వేరేవారు రాసిన చిన్న పుస్తకం కూడా ఉంది. కవర్ మీద మాథ్యూ స్టోవర్ పేరు లేకపోతే అది మీరు వెతుకుతున్నది కాదు. హెయిర్ టు ది ఎంపైర్, థ్రాన్, లాస్ట్ స్టార్స్ మూడింటికీ బొమ్మల కథల రూపాలున్నాయి. తక్కువ ధరకు కనపడితే ముందు పేజీల సంఖ్య చూడండి.

హెయిర్ టు ది ఎంపైర్ 2011 ప్రత్యేక ముద్రణలో పేజీల అంచుల్లో రచయిత వ్యాఖ్యలుంటాయి. రెండోసారి చదివేవారికి అవి బంగారం. మొదటిసారి చదివేవారు ఎసెన్షియల్ లెజెండ్స్ కలెక్షన్ పేరుతో 2021 నుంచి వస్తున్న సాదా ముద్రణ తీసుకోవడం మంచిది.

ఆడియో పుస్తకాల్లో 1990లలో వచ్చినవి ఎక్కువగా కుదించినవి. మూడు గంటల చుట్టుపక్కల నిడివి కనపడితే అది నవల కాదు, సారాంశం. అన్‌అబ్రిడ్జ్డ్ (కుదించనిది) అన్న మాట ఉందో లేదో చూసి తీసుకోండి. హెయిర్ టు ది ఎంపైర్, థ్రాన్, లైట్ ఆఫ్ ది జెడై మూడింటినీ పూర్తిగా చదివింది మార్క్ థాంప్సన్. పాత్రకో గొంతు మారుస్తాడు, ఇంగ్లిషు చదవడం నెమ్మదైనవారికి పుస్తకం ముందు పెట్టుకుని వింటే బాగా పనికొస్తుంది. అమెరికాలో ఉంటున్న తెలుగువారు ముందు స్థానిక గ్రంథాలయం కార్డుతో లిబ్బీ యాప్‌లో వెతకండి. ఈ-పుస్తకాలు, ఆడియోలు అక్కడ ఉచితంగానే అరువు దొరుకుతాయి.

చదువుతూ ఎవరీ పాత్ర అని ఇంటర్నెట్‌లో పేరు కొట్టకండి. అభిమానుల విజ్ఞానకోశాల్లో పాత్ర పేజీ తెరవగానే పక్కన ఉండే పెట్టెలో పుట్టిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం రెండూ ఉంటాయి. ఒక్క చూపుతో మూడు వందల పేజీల ఉత్కంఠ పోతుంది. బుక్‌మార్కుగా ఒక చీటీ పెట్టుకుని పేరు, జాతి, ఎవరి పక్షం అని మూడు మాటలు రాసుకుంటూ వెళ్లండి. ముఖ్యంగా లైట్ ఆఫ్ ది జెడైకి అది లేకుండా కూర్చోకండి.

హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత ఇంగ్లిషు నవలల గుట్టల్లో ఇలాంటివి వెతుక్కునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విడి భాగాలు దొరకవచ్చు, కవర్ మీద భాగం సంఖ్య కొన్నిసార్లు చిన్న అక్షరాల్లో ఉంటుంది. చేతికి డార్క్ ఫోర్స్ రైజింగ్ దొరికితే కొనుక్కోండి, ఇంట్లో పెట్టండి. మొదటి భాగం వచ్చేదాకా తెరవకండి. రెండో భాగం మొదటి పేజీల్లోనే మొదటిదాని ముగింపు బయటపడిపోతుంది.